పాత పద్మినికి ఇంటి వైద్యం

నాందేడ్ వీధుల్లో ఇప్పుడు ప్రీమియర్ పద్మిని కారు వెళుతుంటే జనం ఆగి చూస్తున్నారు. కుర్రకారు సెల్‌ఫోను తీసి ఫొటో తీసుకుంటారు. పెద్దవాళ్లు దగ్గరకొచ్చి బానెట్ మీద చెయ్యి వేసి, "మా నాన్నగారికీ ఉండేది" అంటారు. మా ఇంట్లో 1986 మోడల్ పద్మిని ఇంకా నడుస్తూనే ఉంది. అందుచేత మన సమితి సమావేశాల్లో కలిసిన మిత్రులు నన్ను తరచు రెండు ప్రశ్నలు అడుగుతూ ఉంటారు. ఇంత పాత కారు ఇంకా ఎలా నడుస్తోంది? అసలు ఎందుకు నడుపుతున్నారు? మొదటి ప్రశ్నకు వివరంగా జవాబు చెబితే రెండోదానికి జవాబు అందులోనే దొరుకుతుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

రాయడానికి మరో కారణం కూడా ఉంది. పద్మినిని కళ్లు మూసుకుని విప్పి బిగించగల మా ఉస్తాద్ వయసు మీదపడి దుకాణం మూసేశారు. ఆయన కొడుకులు అదే వృత్తిలో ఉన్నారుగాని, వాళ్లది కంప్యూటర్ తగిలించి లోపం పట్టే విద్య. మా కారుకు కంప్యూటర్ తగిలించే చోటే లేదు! ఇలాంటి ఉస్తాదులు ఒక్కొక్కరే తప్పుకుంటున్న ఈ రోజుల్లో పాత కారు బతకాలంటే దాని యజమాని చేతికి కొంచెం మసి అంటక తప్పదు. ఆ పని మనం భయపడేంత కష్టమైనది కాదని చెప్పడమే నా ఉద్దేశం.

కుర్లాలో పుట్టిన ఇటలీ బిడ్డ

పద్మిని కథ క్లుప్తంగా చెప్పుకుందాం. సేఠ్ వాల్‌చంద్ హీరాచంద్ 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థను స్థాపించారు. బొంబాయిలోని కుర్లాలో దాని కార్ఖానా. ఇటలీ దేశపు ఫియట్ కంపెనీతో కుదిరిన ఒప్పందం మీద 1950లలో అక్కడ ఫియట్ 1100 కార్లు తయారుకావడం మొదలైంది. గుండ్రటి ఒళ్లున్న ఆ పాత మోడల్‌ను మరాఠీవాళ్లు ముద్దుగా 'డుక్కర్ ఫియట్' అనేవారు. డుక్కర్ అంటే పంది. 1964లో ఫియట్ 1100 డిలైట్ వచ్చింది. అదే కారు 1974 నుంచి ప్రీమియర్ పద్మిని అయింది. ఇటలీలో 1100 శ్రేణి 1969లోనే ఆగిపోయినా, మన దేశంలో 2000 ప్రాంతం దాకా సాగింది.

బొంబాయి నలుపు-పసుపు టాక్సీలంటే మూడు తరాలవారికి ఈ కారే. ఆ వరుసలో చిట్టచివరి టాక్సీ 2003 అక్టోబరు 29న రిజిస్టరయింది. అక్కడి టాక్సీలకు ఇరవై ఏళ్ల పరిమితి ఉంది కనుక 2023 అక్టోబరు 30 నుంచి ముంబయిలో పద్మిని టాక్సీ అన్నది లేకుండా పోయింది. ఆ వార్త చదివిన రోజున మా ఇంట్లో ఎవరో దూరపు బంధువు పోయినట్టే అనిపించింది.

ఇక మన నాందేడ్ సంగతి. ఈ జిల్లా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. సరిహద్దులు మారినా చుట్టరికాలు మారలేదు. ధర్మాబాద్, బిలోలీ, దెగ్లూర్ ప్రాంతాల్లో తెలుగు ఇప్పటికీ ఇంటి భాషే. బోధన్‌లో పెళ్లి, నిజామాబాద్‌లో గృహప్రవేశం, బాసరలో అక్షరాభ్యాసం... ఇవి మన కుటుంబాలకు నిత్యం ఉండే ప్రయాణాలు. మా పిల్లలిద్దరూ బాసర సరస్వతమ్మ సన్నిధిలో పలక పట్టింది ఈ కారులో వెళ్లే. ముందు సీటు సోఫాలా ఒకే పొడుగు సీటు, గేరు కర్ర స్టీరింగు పక్కన ఉంటుంది కాబట్టి ముందు ముగ్గురు, వెనుక నలుగురు, ఒళ్లో చంటిపిల్లలు, డిక్కీలో పులిహోర గిన్నె. అలా నడిచాయి ఆ రోజులు.

పనిముట్లు ఏమేం కావాలి?

పద్మిని ఇంజను 1089 సి.సి., నాలుగు సిలిండర్లు. బానెట్ ఎత్తితే ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. ఇంటి వైద్యానికి ఇంతకంటే అనువైన రోగి దొరకడు.

అంబాసిడర్ ఇంగ్లండు నమూనా కావడంవల్ల దాని నట్లు అంగుళాల లెక్క. పద్మినిది మిల్లీమీటర్ల లెక్క. అందువల్ల మామూలు హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే పానాల సెట్టు చాలు. దానితోపాటు ప్లగ్గు పానా, ఫిల్లర్ గేజి, గ్రీజు గన్ను, ఒక టెస్టు బల్బు, మంచి జాకీ, జాకీ ఎత్తిన తర్వాత కింద నిలబెట్టే స్టాండ్లు రెండు ఉండాలి. ఇటుకలు పేర్చి కారు నిలబెట్టి దాని కింద దూరడం ఎవరూ చేయకూడదు. ఇటుక చెప్పకుండా పగులుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన పనిముట్టు ఒక నోటుపుస్తకం. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏం మార్చామో రాసుకోవాలి. మా ఇంట్లో పాల లెక్క పుస్తకం పక్కనే కారు పుస్తకం వేలాడుతుంది. డాక్టరుకు పాత చీటీలు ఎంత అవసరమో ఆ పుస్తకం మనకంత అవసరం.

మే నెల ఎండ, పొంగే రేడియేటరు

వేసవిలో నాందేడ్ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. పాత కారుకు అసలు పరీక్ష అప్పుడే. దారిలో పొగలు కక్కుతూ నిలబడిన కారును చూసి "ముసలిదైపోయింది" అంటారు. చాలాసార్లు ముసలితనం కారణం కాదు, నీళ్లు కారణం.

మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కట్టడం మీరు చూసే ఉంటారు. రేడియేటరు సన్న గొట్టాల్లోనూ అదే పొర కడుతుంది. గొట్టం సన్నబడితే నీరు తిరగదు, వేడి బయటికి పోదు. పైగా ఈ ఇంజను తల అల్యూమినియంతో చేసింది. ఉత్త నీళ్లు పోస్తూ పోతే అది లోలోపల తినేసుకుపోతుంది. కాబట్టి రేడియేటరు కడిగించి, శుద్ధి చేసిన నీళ్లలో కూలెంట్ కలిపి పోయడం మంచిది. కూలెంట్ చలిదేశాలవాళ్లకే అనుకోవడం పొరపాటు. లోహం తినకుండా కాపాడేదీ, నీళ్లు మరిగే స్థాయిని పెంచేదీ అదే.

వేసవికి ముందు మూడు విషయాలు చూసుకోవాలి. ఒకటి, రబ్బరు గొట్టాలు. వేళ్లతో నొక్కితే మరీ మెత్తగా ఉన్నా, బీటలు కనిపించినా మార్చెయ్యాలి. రెండు, ఫ్యాన్ బెల్టు. అది తెగితే ఫ్యానూ, నీటి పంపూ, బ్యాటరీ ఛార్జింగూ మూడూ ఒకేసారి ఆగుతాయి. డిక్కీలో ఒకటి అదనంగా ఉండాలి. మూడు, రేడియేటరు మూత. దాని స్ప్రింగు, రబ్బరు సరిగా లేకపోతే నీరు తొందరగా మరిగి బయటికి పోతుంది. ఇంజను వేడిగా ఉండగా ఆ మూత తీయరాదు. పొంగిన ఇంజనులో వెంటనే చన్నీళ్లు పోయరాదు. అలా పోస్తే అల్యూమినియం తల వంకరపోయే ప్రమాదం ఉంది. నీడలో ఆపి, అరగంట ఓపిక పట్టాలి.

మరొక వేసవి జబ్బు కూడా ఉంది. నీళ్లు బాగానే ఉంటాయి, కారు మాత్రం ఎండలో కాసేపు ఆగితే మళ్లీ స్టార్టు కాదు. పెట్రోలు పంపు ఇంజనుకు అంటుకుని ఉంటుంది కనుక ఆ వేడికి గొట్టంలోని పెట్రోలు ఆవిరవుతుంది. పంపు ద్రవాన్ని తోడగలదుగాని ఆవిరిని తోడలేదు. దీనికి మా ఉస్తాద్ మందు ఒక్కటే: తడిగుడ్డ. పంపు మీద తడిగుడ్డ చుట్టి పది నిమిషాలు ఆగితే కారు బుద్ధిగా బయలుదేరుతుంది. బాసర దారిలో మా ఆవిడ తువ్వాలు ఈ వైద్యానికి ఎన్నిసార్లు బలయిందో లెక్కలేదు.

నిప్పురవ్వ లెక్క

కారు దగ్గుతున్నా, ఎత్తు ఎక్కలేకపోతున్నా, పెట్రోలు ఎక్కువ తాగుతున్నా ముందుగా చూడవలసింది పాయింట్లు, ప్లగ్గులు. కార్బురేటరు జోలికి పోవడం తర్వాత సంగతి.

పాయింట్లు డిస్ట్రిబ్యూటరు మూత కింద ఉంటాయి. అవి విడిపోయినప్పుడల్లా ప్లగ్గుకు ఒక నిప్పురవ్వ వెళుతుంది. ఇంజను నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతుంటే పాయింట్లు నిమిషానికి ఆరు వేలసార్లు, అంటే సెకనుకు వందసార్లు తెరుచుకుని మూసుకోవాలి. ఇంత చాకిరీ చేసే భాగం అరగకుండా ఎలా ఉంటుంది? అరిగినకొద్దీ వాటి మధ్య సందు తగ్గుతుంది, రవ్వ పుట్టే సమయం తప్పుతుంది. సందు అర మిల్లీమీటరుకు కాస్త లోపుగా ఉండాలి. కచ్చితమైన కొలత కారుతో వచ్చిన పుస్తకంలో చూసి ఫిల్లర్ గేజితో సరిచెయ్యాలి. కొత్త పాయింట్లు కూడా తొందరగా కాలిపోతుంటే పక్కనున్న కండెన్సర్ చెడిందని అర్థం.

ప్లగ్గు ఇంజనుకు నాలుక వంటిది. వైద్యుడు నాలుక చూసినట్టు మనం ప్లగ్గు మొన చూడాలి. లేత గోధుమరంగు ఉంటే ఆరోగ్యం. పొడి నల్లమసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది లేదా ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయింది. తెల్లగా ఉంటే పెట్రోలు చాలక ఇంజను మరీ వేడెక్కుతోంది. జిడ్డుగా ఆయిలు అంటితే రింగులో, వాల్వు గైడులో అరిగాయి. అది మేస్త్రీ పని. ప్లగ్గు మళ్లీ బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పాలి. అల్యూమినియం తలలో మరలు మెత్తన. పానాతో బలవంతం చేస్తే పోయేది ప్లగ్గు కాదు, తల.

కార్బురేటరు విషయంలో ఒకటే సూత్రం. జెట్టు రంధ్రంలో సూది గాని తీగ గాని పెట్టకూడదు. పెట్రోలులో కడిగి, సైకిలు పంపుతో గాలి కొడితే చాలు. ఆ రంధ్రం కొలత వెంట్రుకవాసి పెద్దదైనా మైలేజి దెబ్బ తింటుంది. పెట్రోలుతో పని ఎప్పుడూ ఆరుబయట, ఇంజను చల్లారాక, దగ్గర్లో దీపం గాని అగ్గి గాని లేకుండా చెయ్యాలి.

కొత్త పెట్రోలు, పాత రబ్బరు

పాత కార్లవారందరికీ ఇప్పుడు కొత్త సమస్య వచ్చింది. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఇ-20 పెట్రోలే మామూలు పెట్రోలు అయింది. మన మరాఠ్వాడా చెరకు రైతుకు అది మేలైన విషయం. 1986 నాటి రబ్బరుకు మాత్రం కాదు.

ఇథనాల్ మూడు పనులు చేస్తుంది. పాత రకం రబ్బరును ఉబ్బించి, క్రమేణా పగిలేలా చేస్తుంది. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డిని కరిగించి ముందుకు తోస్తుంది. ఫలితంగా పంపులోని పలుచటి డయాఫ్రం చెడుతుంది, ఫిల్టరు మూసుకుపోతుంది, గొట్టాల అతుకుల దగ్గర పెట్రోలు చెమ్మ కనిపిస్తుంది. ఈ చివరిది అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే వేడి ఇంజను మీద పడే పెట్రోలు చుక్క నిప్పుతో సమానం.

మందు ఖరీదైనదేమీ కాదు. పెట్రోలు గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునే కొత్తరకం గొట్టాలుగా మార్చాలి. పంపుకు కొత్త డయాఫ్రం వేయించాలి. ట్యాంకుకూ పంపుకూ మధ్య లోపల కనిపించే చిన్న ఫిల్టరు పెట్టి, మొదట్లో నెలకోసారి చూడాలి. కారును నెలల తరబడి కదలకుండా ఉంచరాదు. వారానికి ఒకసారి అయినా పది, పదిహేను కిలోమీటర్లు నడపాలి. మా కారు ఆదివారం పొద్దున విష్ణుపురి ఆనకట్ట దాకా వెళ్లి వస్తుంది. ఇంజనుకు వ్యాయామం, మాకు గోదావరి గాలి. తిరిగొచ్చాక బానెట్ ఎత్తి ఒక్కసారి ముక్కుతో పరీక్ష చెయ్యడం మా ఇంటి నియమం. పెట్రోలు వాసన వస్తే కారణం దొరికేదాకా మళ్లీ స్టార్టు చేయము.

గ్రీజు, తుప్పు

ముందు చక్రాలను మోసే కింగ్‌పిన్నులకు గ్రీజు పట్టించే మూతులు ఉంటాయి. పాత గ్రీజు బయటికొచ్చి కొత్తది కనిపించేదాకా గన్ను నొక్కాలి. ఈ పని తప్పితే స్టీరింగు బరువెక్కుతుంది, ఆ తర్వాత పిన్నులు అరిగి చక్రం ఊగుతుంది. గ్రీజు ఖర్చు పదుల్లో ఉంటే కింగ్‌పిన్నుల ఖర్చు వేలల్లో ఉంటుంది. ఆయిలు మార్చేటప్పుడు ఇంజను గోరువెచ్చగా ఉండగా దించితే మురికితో సహా దిగుతుంది. దించిన ఆయిలును మోరీలో పారబోయకండి. మన మోరీలు చివరికి కలిసేది గోదావరిలోనే. డబ్బాలో పట్టి పాత ఆయిలు కొనేవారికి ఇవ్వండి.

ఇంజనుకు మందులున్నాయిగాని తుప్పుకు లేవు. మన నల్లరేగడి మట్టి వానాకాలంలో చక్రాల పైకప్పుకు, తలుపుల కింది గడపకు అంటుకుని నెలల తరబడి తడి దాచుకుంటుంది. పైన ఎంత మెరుగు పెట్టినా రేకు లోపలినుంచి పోతుంది. అందువల్ల కారు కడగడమంటే ముందు కింద కడగడం. తలుపుల అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి. చీపురు పుల్లతో వాటిని తెరిచి ఉంచాలి. ఈ పని మా అమ్మాయి చిన్నప్పటి నుంచి తనదిగా చేసుకుంది. దసరాకు ముందు, ఖండేనవమి పూజకు కారు కడిగే రోజున, మొదట ఆ రంధ్రాలు చూశాకే బొట్టు పెట్టనిచ్చేది.

దీపాలు మినుకుమన్నా, హారను మొరాయించినా వైర్లన్నీ మార్చే పని పెట్టుకోకండి. ఎక్కువసార్లు దోషం ఎర్త్ దగ్గర ఉంటుంది. వైరు రేకును తాకే చోట గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన కాస్త వ్యాసలీన్ రాస్తే సగం జబ్బులు పోతాయి.

చెయ్యి పెట్టకూడని చోట

ఇంటి వైద్యానికి హద్దు ఉంది. బ్రేకుల్లో నూనె మట్టం చూడటం మన పని. ఆ నూనె గాలిలోని తడిని పీల్చుకుంటుంది కనుక రెండేళ్లకోసారి మార్పించడం కూడా మన బాధ్యతే. కాని డ్రమ్ములు విప్పి సిలిండర్ల రబ్బర్లు మార్చడం అనుభవమున్న మేస్త్రీ చేతుల్లోనే జరగాలి. స్టీరింగు, కింగ్‌పిన్నుల మార్పు, వెల్డింగు కూడా అంతే. కారు నడవకపోతే ఇంట్లో ఉంటాం. ఆగకపోతే ఆస్పత్రిలో ఉంటాం.

సామాన్ల విషయానికొస్తే, అవసరం పడ్డాక వెతకడం కంటే ముందే కొని పెట్టుకోవడం మేలు. హైదరాబాద్ వైపు వెళ్లేవారు సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనూ, ముంబయి వెళ్లేవారు కుర్లా పరిసరాల పాత దుకాణాల్లోనూ విచారించవచ్చు. పాత భాగాన్ని గుడ్డలో చుట్టి వెంట తీసుకువెళ్లండి. నోటితో చెప్పే వర్ణన కంటే చేతిలోని నమూనా నయం.

కాగితాలు, ఖర్చు, కుటుంబ సభ

ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది. అక్కడినుంచి కారును తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఈ రుసుము ఒకప్పుడు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో, ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. మన రాష్ట్రంలో దీనికి పర్యావరణ పన్ను అదనం. ఇన్సూరెన్సు, పి.యు.సి. మామూలే. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న కార్లను వింటేజ్‌గా రిజిస్టరు చేయించుకోవచ్చు. కాని అలాంటి కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజువారీ వాడకానికి తీయరాదు. 1974 నాటి తొలి పద్మినులు ఇప్పుడే ఆ వయసుకు చేరాయి.

1986లో రిజిస్టరయిన మా కారుకు 2001 మొదలుకొని ఐదేళ్లకోసారి పొడిగింపు. 2026 వంతు గురించి ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకున్నాం. పుణెలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, "నాన్నా, దీని మీద పెట్టే డబ్బుతో ఊరంతా ఆటోలో తిరగొచ్చు. స్క్రాపుకు ఇచ్చేద్దాం" అన్నాడు. వాడి మాటలో న్యాయం లేకపోలేదు. నేనేమీ వాదించలేదు. కారు పుస్తకం తీసి వాడి ముందు పెట్టాను. ఐదేళ్ల ఖర్చు తేదీలతో సహా ఉంది. బ్రేకుల పని, ఒక బ్యాటరీ, టైర్లు తప్పిస్తే పెద్ద పద్దులు లేవు. మిగిలినవన్నీ ఆయిలు, గ్రీజు, పాయింట్లు, గొట్టాలు. మేస్త్రీ కూలి రాయాల్సిన చోట చాలా పేజీల్లో మా అమ్మాయి చేతిరాతలో 'ఇంట్లోనే' అని ఉంది. వాడు పేజీలు తిప్పుతూ పోయి, బాసర ప్రయాణం రాసిన చోట ఆగాడు. మర్నాడు పొద్దున, "పాయింట్లు ఎలా సరిచెయ్యాలో చూపించు నాన్నా" అని తనే వచ్చాడు. పొడిగింపుకు ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు.

"గాడీ మాట్లాడుతుంది సాబ్, వినేవాళ్లు కావాలి" అని మా ఉస్తాద్ తన ఉర్దూలో అనేవారు. ఆ వినికిడి పుస్తకాల్లో రాదు. పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తేనే వస్తుంది. కనుక సభ్యులకు నా మనవి. మీ ఇంట్లో పాత పద్మిని, అంబాసిడర్, కనీసం ఒక పాత స్కూటరు ఉన్నా సరే, ఈ సెలవుల్లో పిల్లలతో కలిసి ఒక ప్లగ్గు విప్పి చూడండి. వాడకుండా పడివున్న సామాన్లు, పాత మాన్యువల్ పుస్తకాలు ఉంటే తూకానికి వేయకుండా సమితికి తెలియజేయండి. ఒకరి అటక మీద దుమ్ము పట్టిన డయాఫ్రం మరొకరి కారుకు ప్రాణం కావచ్చు.